పెనుకొండ టోర్నమెంటులో ధర్మవరం జట్టు

హిందూపురం చదరంగం క్లబ్బుతో ఆడలేక ధర్మవరం వాళ్లు పెనుకొండ నుంచి పారిపోయారని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథ అల్లింది నేను. జరిగింది వేరు.

తొంభైల్లో హిందూపురంలో క్లబ్బు ఎక్కడని అడిగితే జనం పేకాట గదికి దారి చూపేవారు. చదరంగం ఆడేవాళ్ల కోసం వెతికి వెతికి, చివరికి ఎరువుల దుకాణం వెనక గదిలో నలుగురం పోగయ్యాం. వెంటనే పదవులు పంచుకున్నాం: అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కోశాధికారి. కార్యదర్శిని నేను. సభ్యులు మిగల్లేదు. ఇద్దరు ఆడుతుంటే తక్కిన ఇద్దరు ఎత్తులు చెప్పేవారు. ఓడితే తప్పు ఎత్తు చెప్పినవాడిది, గెలిస్తే గొప్ప ఆడినవాడిది.

కొన్నాళ్లకు ఒకరి ఆట ఒకరికి కంఠతా వచ్చేసింది. కొత్తవాడు దొరికితే చాలనుకుంటున్న రోజుల్లో, చెల్లెలి పెళ్లికి పట్టుచీరలు తేవడానికి ధర్మవరం వెళ్లాను. అక్కడ మగ్గాలున్న ఒక ఆసామి తన ఇంటి అరుగు మీద చదరంగం ఆడుతున్నాడు.

"చీరలు యాడికీ పోవులేప్పా, ఆట అయిపోనీ," అన్నాడు తలెత్తకుండా.

ఆట అయ్యాక నన్ను కూర్చోబెట్టాడు. వాళ్లది పాత పద్ధతి: మొదటి ఎత్తులో రెండు బంట్లను ఒక్కో గడి జరుపుతారు. చిన్నప్పుడు నేనూ అలాగే నేర్చుకున్నాను. అయినా వరసగా ఓడిపోయాను. చీరల బేరం కూడా ఆయనే గెలిచాడు.

"రెండూళ్లకీ మధ్యన పెనుకొండలో టోర్నమెంటు పెడతాం, రాండి," అన్నాను.

"మా మాదిరే కదా ఆడేది?"

"మీ మాదిరే."

పెనుకొండలో ఒక బడి గది అడిగి పుచ్చుకున్నాం. హిందూపురంలో కప్పు కొన్నాం. దాన్ని బల్ల మీద పెట్టి చూశాక నాకు దిగులు పట్టుకుంది. అంత అందమైన కప్పు ధర్మవరం వెళ్లిపోతుంది.

ధర్మవరం వాళ్లు నలుగురు ఇస్త్రీ చొక్కాలతో ప్యాసింజరు దిగి వచ్చారు. ఆసామి నా ఎదుట కూర్చుని రెండు బంట్లు జరిపాడు. నేను లేచి, సంచిలోంచి ఇంగ్లీషు పుస్తకం తీసి, ఒక ఎత్తులో ఒక్క బంటే కదలాలని, రెండు జరపడం అంతర్జాతీయ నిబంధనలకు విరుద్ధమని ప్రకటించాను. నలుగురు ఆటగాళ్ల క్లబ్బుకు అంతర్జాతీయం తప్ప వేరే దిక్కేముంది?

"ఏమప్పా, మా మాదిరే అంటివి కదా?"

"నేనట్ల అనలేదే."

మా అధ్యక్షుడు వంత పాడాడు: "రూలంటే రూలబ్బా. తెలీకుంటే నేర్చుకొని రాండి."

ఆసామి బంట్లను వెనక్కి పెట్టి లేచాడు. నలుగురూ స్టేషనుకు నడిచారు. మాలో మేమే ఆడుకుని కప్పు గెలిచాం. గెలిచింది నేనే. రైలు హిందూపురం చేరేసరికి "భయపడి పారిపోయినారు" అన్న మాట సిద్ధంగా ఉంది.

రెండు వేల సంవత్సరం దాటాక ఎరువుల దుకాణం సెల్‌ఫోన్ల దుకాణమైంది. అధ్యక్షుడు పేకాట గదికి మారాడు. నాకు ఎదురు కూర్చునేవాడు లేడు. సిగ్గు చంపుకుని ధర్మవరం వెళ్లాను. ఆసామి చూడగానే గుర్తుపట్టాడు. చదరంగం బల్ల తెప్పించాడు.

"ఈసారి మీ మాదిరే ఆడదాం," అన్నాను.

"అది ఇడ్సిపెట్టి శానా రోజులాయప్పా. పెనుకొండ నుంచి వచ్చిన వారంలోనే మీ రూలు నేర్చుకుంటిమి, నలుగురమూ. మళ్లా పిలుస్తారని సూస్తాంటిమి."

ఒకే ఒక్క బంటును రెండు గళ్లు జరిపి నా వంక చూశాడు.

ఆయన భార్య కాఫీ తెచ్చింది. నన్ను పరీక్షగా చూసి భర్తతో, "చెప్తాంటివే, అబద్ధమాడిన హిందూపురం ఆయప్ప. ఈయప్పేనా?" అంది.

"ఈయప్ప కాదులే. ఆయప్ప వేరే," అన్నాడాయన.

"నేనేనమ్మా," అన్నాను.

ఆమె రెండు గ్లాసులూ భర్త ముందే పెట్టి లోపలికి వెళ్లిపోయింది.