గోడకూ వీపుకూ మధ్య రోలర్

ఆరు నెలలుగా నా మెడ తిరగడం లేదు. వెనక్కి చూడాలంటే లారీలాగా మనిషిని మొత్తం తిప్పాలి. అందుకే ఫోన్‌లోని యాప్ చెప్పినట్టు ఇరవై ఒక్క రోజుల రోలర్ వ్యాయామం మొదలుపెట్టాను. ఒక్క రోజు తప్పినా మళ్లీ మొదటికి రావాలట. పదకొండో రోజు సూరత్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో వచ్చింది. మూరెడు పొడవున్న ఫోమ్ రోలర్‌ను గోడకూ వీపుకూ మధ్య ఇరికించి, కళ్లు మూసుకుని పైకీ కిందకీ జారాను. చుట్టుపక్కల బెంచీలు త్వరగానే ఖాళీ అయ్యాయి.

"సారూ, జర ఊపిరి ఇడువుండ్రి."

నా 'అబ్బా'లు విని తెలుగువాడినని పట్టేసినట్టున్నాడు. యాభై దాటిన మనిషి, చొక్కా నిండా దారపు నూగు. ఆ ఊళ్లోనే లింబాయత్ అనే పేటలో, మగ్గాల కార్ఖానాలో పనట.

"తెగిన దారం అతికేటప్పుడు కొత్తోళ్లు గిట్లనే ఊపిరి బిగవడ్తరు. షిఫ్టు దిగేసరికి మెడ కట్టె అయితది. ఆళ్లకు నేను ముందుగాల నేర్పేది ముడి గాదు, ఊపిరి ఇడుసుడే."

"మరి మీ మెడ?"

"మెడ మంచిగనే ఉంది సారూ. మోకాళ్లే పోయినయి."

ఊపిరి వదిలాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ పట్టుకున్నదేమో, చాలాసేపు వచ్చింది.

ఇంతలో అతని రైలు వచ్చింది. పేరడుగుదామని నేను మనిషిని మొత్తం తిప్పేసరికి, అతను కుంటుకుంటూనే తలుపు దాటిపోయాడు.

ఇరవై ఒక్క రోజులూ పూర్తి చేశాను, ఊపిరి వదులుతూ. మెడ ఇప్పుడు సగం తిరుగుతోంది. యాప్ అభినందనలు పంపింది. వాటిని ఎవరికి చేర్చాలో తెలియక అలాగే ఉంచుకున్నాను.