కైకౌరాలో మోగిన ఫోను

సింగపూర్ క్లెమెంటిలో ఉండే భువన ఓ బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాసేది. ఐటీ ఉద్యోగాలు జోరుమీదున్న ఆ ఏళ్లలో ఆదివారాలూ ఆఫీసుకే పోయేవి. పట్టుబట్టి సెలవు తీసుకుని, భర్త మహీధర్‌తో తిమింగలాలు చూడటానికి న్యూజిలాండ్‌లోని కైకౌరా వెళ్లింది. గాలి ఎక్కువై పడవలు కదల్లేదు. చివరి రోజు పొద్దున సముద్రం శాంతించింది. బయల్దేరుతుంటే హోటల్ గదిలో ఫోను మోగింది. అవతల మేనేజరు సుధాకరరావు.

"ప్రోగ్రామ్ ఆగిపోయిందమ్మా, కాస్త చూడాలి."

"ఈ నంబరు మీకెవరిచ్చారు సార్?"

"మహీధరే."

భువనకు ఒళ్లు మండింది. ఫోను పెట్టేసింది.

"నీ ప్రమోషన్ కోసమే ఇచ్చాను. తిమింగలం ఎక్కడికి పోతుంది?" అన్నాడు మహీధర్.

"నన్నడిగావా? ఆయనకు నువ్వే జవాబు చెప్పుకో!"

తలుపు ధడాలున వేసి ఒంటరిగా పడవెక్కింది. నల్లటి వీపు నీళ్లలోంచి పైకి లేచింది. అందరూ కేరింతలు కొట్టారు. భువన మాత్రం పళ్లు బిగించి, కళ్లార్పకుండా చూసింది.

సోమవారం ఆఫీసులో సుధాకరరావు నలుగురిలో నిలదీశాడు. "ఫోన్ అలా పెట్టేశావేంటమ్మా?"

"సెలవులో ఉన్నాను సార్. మళ్లీ చేసినా పెట్టేస్తాను" అంది భువన.

మహీధర్‌తో మాత్రం ఆ వారమంతా మాట్లాడలేదు.