పరశురాములు వినని బంతి

హైదరాబాదులో ఆయన్ని చెఫ్ పరశ్ అంటారు. సొంతూరు పెద్దవంగరలో పరశురాములు. "పర్శిగా" అని పిలిచే మనిషి మాత్రం ఈ భూమ్మీద ఒక్కడే మిగిలాడు, ఆయన పేరు పోశాలు. ఒకప్పుడు దేవరుప్పుల చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్లి కుదిరినా వంట కోసం మొదట పోశాలుకే కబురు వెళ్లేది. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. భూపాలపల్లిలో, బొగ్గుబావిలో పనిచేసే అల్లుడి క్వార్టర్‌లో, బిడ్డ మంజుల దగ్గర ఉంటున్నాడు.

పరశురాములు హోటల్ సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ భోజనమంటే పదకొండు వంటలు, ఒక్కొక్కటి రెండు ముద్దలు. సర్వపిండి రూపాయి బిళ్లంత ఉంటుంది. జొన్న గట్క ఒక చెంచాడు, దాని మీద పుంటికూర ఆకు ఒకటి, అదీ పట్టకారుతో కొలిచి పెట్టింది. పచ్చిపులుసును మూడుసార్లు బట్టలో వడగట్టి, తేట మాత్రం తీసి, కోడిగుడ్డంత గ్లాసులో పోసి, పైన మూడు చుక్కలు నువ్వుల నూనె వేస్తాడు. నవ్వొస్తే నవ్వుకోండి గానీ, ఆ గ్లాసు ఎత్తి తాగినవాళ్లు పెదాలు చప్పరిస్తారు. ఆయన పనిమంతుడు, అందులో అనుమానం లేదు.

ప్లేట్లు తుడిచినట్టు ఖాళీగా లోపలికి వస్తాయి. తిన్నవాళ్లు ఫొటోలు తీసుకుంటారు, చేతులు కలుపుతారు, అద్భుతం అంటారు. పరశురాములు వంగి దండం పెడతాడు. కానీ ఆయన వినాలనుకుంటున్న మాట అది కాదు. ఇరవై రెండేళ్లుగా ఒక్క మాట కోసం ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

పదో తరగతి అయిన ఎండాకాలం మొదలుకొని ఆరేళ్లు పరశురాములు, బాపు అని పిలుస్తూ, పోశాలు వెంట పెళ్లిళ్లకు తిరిగాడు. ఉల్లిగడ్డలు కోశాడు, డేగిసలు తోమాడు, పొగకు కళ్లు ఎర్రజేసుకున్నాడు. వంటంతా దిగాక మిగతావాళ్లు బీడీ ముట్టించి నడుం వాల్చేవాళ్లు. పోశాలు అలా కాదు. జనం తినడానికి వరసగా బంతి కూర్చోగానే వెళ్లి షామియానా గుడ్డ వెనకాల నిలబడేవాడు. మనిషి ఇవతల, చెవులు బంతిలో. ఎవరు మెచ్చుకుంటున్నారని కాదు. పెళ్లికొచ్చినవాళ్లు మెచ్చుకోక ఏం చేస్తారు, అది మర్యాద. ఇస్తారి ముందుకు జరిపి ఎవరైనా "ఇంకింత ఎయ్యి" అంటున్నారా, లేదా? ఆయనకు కావలసింది అంతే.

"మొదాలు ఏసింది ఆకలి తింటది రా పర్శిగా. మారు అడిగిండంటే గప్పుడు మన వంట తిన్నట్టు," అనేవాడు.

ఆ ఆరేళ్లలో ఉప్పూ పులుపూ సరిచూసే పని పోశాలు ఎవరి చేతికీ వదల్లేదు. చివరికి మరిపెడలో ఒక పెళ్లినాడు, ఏం బుద్ధి పుట్టిందో, "ఇయ్యాల పచ్చిపులుసు నువ్వే కలుపు. నేను చెయ్యి వెట్ట," అన్నాడు.

పరశురాములు కాళ్లు నేల మీద లేవు. మిరపకాయలు నిప్పుల్లో కాల్చాడు. ఉల్లిగడ్డ, ఉప్పు వేసి రెండు చేతులా నలిపాడు. చింతపండు పిసికి పోశాడు, వేయించిన నువ్వుల పొడి చల్లాడు. అయితే హోటల్ కోర్సులో సీటు తీసుకోవడానికి మర్నాడే ఆఖరు తేదీ. మధ్యాహ్నం బస్సు తప్పితే సీటు పోయినట్టే. ఇటు చూస్తే పెళ్లి ముహూర్తం జరుగుతూ జరుగుతూ పోయింది. బంతి ఇంకా కూర్చోకముందే రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది.

"బాపు, పోవాలె నేను," అన్నాడు.

"పో మరి," అన్నాడు పోశాలు. ఆశీర్వాదమా, కోపమా అర్థం కాలేదు. పరశురాములు తడి చేతులు అంగీకి తుడుచుకుంటూ ఉరికాడు.

తన పులుసును ఆ బంతి మారు అడిగిందో లేదో ఆయనకు తెలియదు. ఫోన్ చేసి అడిగితే పోయేది కదా అంటారేమో. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో వంట వదిలేసి పోయినవాడు ఏ ముఖం పెట్టుకొని అడుగుతాడు? అట్లా ఒక ఏడు గడిచింది, ఐదేళ్లు గడిచాయి, ఆ తర్వాత అడగడానికే సిగ్గయింది. చదువు, పెద్ద హోటళ్లు, ఇప్పుడు తన పేరు మీద హోటలు. అన్నీ వచ్చాయి. ఆ ఒక్క మాట రాలేదు.

మొన్న ఎండాకాలం మరిపెడ వైపు పెద్దాయన ఒకాయన కొడుకూ కోడలితో హోటల్‌కు వచ్చాడు. పులుసు గ్లాసు ఖాళీ చేసి, "జర ఇంకింత పొయ్యి బిడ్డ," అన్నాడట. వడ్డించే అమ్మాయి నవ్వుతూ, ఇక్కడ రెండోసారి పొయ్యరండీ అని చెప్పింది. ఆమె తప్పేం లేదు, ఆ నియమం పెట్టింది పరశురాములే. వంటింట్లోకి వచ్చి ఆ ముచ్చట తమాషాగా చెప్పింది. పరశురాములు చేతిలో పని వదిలేసి, జగ్గు పట్టుకొని బయటికి ఉరికాడు. అప్పటికి పెద్దాయన ముందుకు తర్వాతి ప్లేటు వచ్చేసింది.

"ఒద్దు సార్, అయిపోయింది గద," అని గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడాయన.

ఆ సోమవారం హోటల్‌కు సెలవు. పరశురాములు పొద్దున్నే కారు తీశాడు. జనగామలో కూడా ఆగకుండా, చాయ్ కూడా తాగకుండా, హన్మకొండ, పరకాల మీదుగా భూపాలపల్లి చేరాడు.

"ఏం తమ్మీ, గిన్నేండ్లకు తొవ్వ దొరికిందా?" అంది మంజుల తలుపు తీస్తూనే.

పోశాలు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు, గొంతు మాత్రం అదే. "ఏంది పర్శిగా, టీవీల సూసిన. పులుసు గ్లాసుల పోసి ఇస్తున్నవట?"

"ఔ బాపు."

"గ్లాసుల పోస్తే అన్నం యాడ కలుపుకోవాలె?"

పరశురాములు నవ్వాడు. "ఇయ్యాల అన్నంలనే కలుపుకుందువు. నేను చేస్త."

మంజుల వంటింట్లో పరశురాములు వడగట్టే బట్ట జోలికి పోలేదు. మిరపకాయలు కాల్చి, చేత్తోనే నలిపి, పులుసు కలిపాడు. పోశాలుకు వేడన్నం పెట్టి పులుసు పోశాడు. ఆపైన కాళ్లు వాటంతట అవే నడిచి తలుపు వెనక్కి వెళ్లాయి. నలభై నాలుగేళ్ల మనిషి, పేపర్లో ఫొటో పడిన మనిషి, ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించి నిలబడ్డాడు. అన్నం కలిపిన చప్పుడు వినిపించింది. నమిలిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే తల్లెలో చెయ్యి కడిగిన చప్పుడు.

పరశురాములు మనసు చివుక్కుమంది.

"ఏమనుకోకు తమ్మీ," అంది మంజుల మెల్లగా. "కడుపు ఆపరేషన్ అయిన కాడ్నుంచి పిడికెడు తింటే ఎక్కువ. ఎవ్వలు చేసినా మారన్నదే లేదు."

అంటే ఆ నోటి నుంచి ఆ మాట ఇక ఎన్నటికీ రాదు. పరశురాములు వచ్చి మంచం పక్కన నిలబడి, ఇన్నేళ్లు మింగిన ప్రశ్న అడిగేశాడు. "బాపు, ఆనాడు మరిపెడల, నేను బస్సెక్కి పోయిన పెండ్లిల, నా పులుసు మారు అడిగిన్రా?"

పోశాలు కళ్లు మూసుకొని చాలాసేపు ఆలోచించాడు. "యాదికి లేదు బిడ్డ. ఎన్ని పెండ్లిండ్లు, ఎన్ని బంతులు!"

అడిగారని ఒక అబద్ధం ఆడితే ఆయన సొమ్మేం పోయేది కాదు. కానీ వంట విషయంలో అబద్ధం ఆయన నోట రాదు.

"నువ్వు తిన్నవా?" అన్నాడు పోశాలు.

"తర్వాత తింట."

"తర్వాతేంది? కూసో."

పోశాలు తల్లెలో అన్నం పెట్టి, నడుమ గుంట చేసి పులుసు పోశాడు. పరశురాములు రోజుకు నలభైసార్లు చెంచాతో రుచి చూస్తాడు, ఆకలేస్తే నిలబడి ఏదో ఇంత నోట్లో వేసుకుంటాడు. తను చేసినదాన్ని తను కూర్చుని తిని ఎన్నేళ్లయిందో. పొద్దుటి నుంచి ఖాళీ కడుపు. కాల్చిన మిరప ఘాటు ముక్కుకు ఎక్కింది, పంటి కింద ఉల్లిగడ్డ తగిలింది. తల ఎత్తకుండా తిన్నాడు. ఎప్పుడు ఖాళీ అయిందో తెలియలేదు, తల్లె ముందుకు జరిపాడు.

"ఇంకింత ఎయ్యి బాపు," అన్నాడు.

అనేశాక ఆగిపోయాడు.

పోశాలు గంటె పట్టుకొని ఆయన ముఖంలోకే చూస్తున్నాడు. "ఇనవడ్డదా?" అని అడిగాడు.

పరశురాములు తల ఊపాడు. పోశాలు రెండు గంటెల అన్నం పెట్టి, నిండా పులుసు పోశాడు.