పదకొండు లాప్‌టాప్‌లు, పది బొట్లు

ఆ రోజుల్లో మా జిల్లాలో "ఊరికే వస్తుంది" అన్న మాట మీద ఉన్నంత అనుమానం మరి దేని మీదా ఉండేది కాదు. పక్కింటివాళ్ళు ఊరికే ఇచ్చిన అరటికాయని కూడా నాలుగు వైపులా తిప్పి చూసి గాని లోపలికి తీసుకెళ్ళని జనం మేం. అలాంటి చోట, ఇరవై మూడేళ్ళ వయసులో, సామర్లకోట దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఏడాది కాంట్రాక్టు మీద ల్యాబ్ అసిస్టెంటుగా చేరిన మూడో నెలకే నేను మీటింగులో లేచి నిలబడి, కొత్తగా కొన్న లాప్‌టాప్‌లన్నిటిలోనూ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామండీ, ఊరికే వస్తుందండీ, పైగా లోపలి ప్రోగ్రామంతా ఎవరైనా విప్పి చూసుకోవచ్చండీ, తేడా వస్తే మనమే బాగుచేసుకోవచ్చండీ అని చెప్పేశాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆ వయసులో నాకు నోరు ముందు లేచేది, బుద్ధి తరువాత తీరిగ్గా లేచేది.

మా డిపార్టుమెంటు పెద్దాయన్ని మేం చాటుగా సర్క్యులర్ మాస్టారు అనుకునేవాళ్ళం. ఎదురుగా కూర్చున్న మనిషికి ఫ్యాను ఆపమని చెప్పాలన్నా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, కింద తేదీ వేసి ఇచ్చే మనిషి ఆయన. నా మాట విని కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. కార్తీకమాసంలో ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తోంది, వైర్‌లెస్ ల్యాబ్ ఉందని మనం కాగితాల్లో రాసేశాం, కాబట్టి వాళ్ళ కళ్ళ ముందు వైరు లేకుండా నెట్ రావాలి అని చెప్పి, "నీ మాట మీద వేస్తున్నామయ్యా. ఆ రోజు నెట్ రాకపోతే కమిటీవాళ్ళతో పాటు నువ్వూ బయల్దేరొచ్చు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే రాజమండ్రిలో మా ఇంట్లో నాది పర్మనెంటు ఉద్యోగమని చెప్పి ఉన్నాను (ఈ సంగతి మా నాన్నగారికి ఇప్పటికీ తెలియదు, ఇది చదివేవాళ్ళెవరూ చెప్పకండి).

లాప్‌టాప్‌లు మొత్తం పదకొండు. దసరాకి ముందే వచ్చాయి. అందులో ఒకటి సర్క్యులర్ మాస్టారిది. పండక్కి ఆయన మొగల్తూరు అత్తారింటికి వెళ్తూ దాన్ని కూడా వెంటబెట్టుకెళ్ళారు, బావమరుదులు చూడొద్దూ మరి. మిగిలిన పదింటినీ విజయదశమి నాడు ల్యాబ్‌లో వరసగా పేర్చాం, మామ్మగారి కోసం. మామ్మగారంటే మా కరస్పాండెంటుగారి తల్లి. కాలేజీ కట్టిన స్థలం ఒకప్పుడు ఆవిడ దగ్గరుండి ఊడ్పులు ఊడ్పించిన చేను. కాలేజీలోకి కొత్త యంత్రం ఏదొచ్చినా, అది బస్సు కానివ్వండి, జనరేటరు కానివ్వండి, జిరాక్సు మిషను కానివ్వండి, ఆవిడ స్టీలు పళ్ళెంలో తడిపిన పసుపూ కుంకుమా పట్టుకొచ్చి బొట్టు పెట్టాలి. అప్పటిదాకా దాని స్విచ్చి వెయ్యడానికి ప్రిన్సిపాలుగారికి కూడా ధైర్యం చాలదు. అక్కడితో అయిపోదు. ప్రతి శుక్రవారం వచ్చి చెదిరిన బొట్లు సరిచేసి వెళ్తారు. ఆ రోజు లాప్‌టాప్ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. మూత మీద పెడితే సంచిలో పెట్టినప్పుడు చెరిగిపోతుందన్నారు. ముందువైపు అంచులో గోరంత గుంట, అందులో చిన్న మీట కనిపించాయి. "ఇదిగో, చెరక్కుండా బొట్టుకి చోటు వాళ్ళే వదిలారు" అని మురిసిపోయి, పదింటికీ ఆ గుంట నిండేలా పసుపు అద్ది, పైన కుంకుమ పెట్టారు. నేను పక్కన నిలబడి పళ్ళెం పట్టుకున్నాను.

మర్నాడు పదింటిలోనూ లినక్స్ వేశాను, అప్పట్నుంచి నా కష్టాలు మొదలయ్యాయి. ఏ లాప్‌టాప్ తెరిచినా నెట్ వచ్చేది, పది నిమిషాలకో పావుగంటకో పోయేది. పోయాక ఎంత బతిమాలినా రాదు. ఆపి మళ్ళీ వేస్తే వస్తుంది, మళ్ళీ పోతుంది. తమాషా ఏమిటంటే, మొగల్తూరు వెళ్ళొచ్చిన సర్క్యులర్ మాస్టారి లాప్‌టాప్ మాత్రం అదే కంపెనీ, అదే లినక్సు, అయినా ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన దాన్ని నా బల్ల మీద పెట్టి, నెట్ వస్తున్నట్టు చూపించి, మూత వేసి పట్టుకెళ్ళిపోయేవారు. తిట్టినా బాగుండేది.

లోపల వైర్‌లెస్ కార్డుకీ, పైన లినక్సుకీ మధ్య దుబాసీ పని చేసే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. తప్పు దాని దగ్గరే ఉందని కనిపెట్టాను. దాన్ని చూసుకునేవాళ్ళు ఎక్కడెక్కడి దేశాల్లోనో ఉంటారు, కష్టం వచ్చినవాళ్ళు వాళ్ళకి, అందరికీ కనిపించేలా, ఈమెయిల్ రాయాలి. సరే, రాశాను. మా వైపు పక్కింటికి నిచ్చెన అడగడానికి వెళ్ళినా, వాళ్ళమ్మాయి చదువూ, వాళ్ళ గేదె ఈతా, వాళ్ళ నాన్నగారి మోకాళ్ళ నొప్పీ అయ్యాక గాని నిచ్చెన మాట ఎత్తం. నేనూ అదే పద్ధతిలో, గౌరవనీయులైన అయ్యా అని మొదలుపెట్టి, వారి ఆరోగ్యం విచారించి, మా కాలేజీ పుట్టుపూర్వోత్తరాలు వివరించి, వారి అమూల్యమైన కాలాన్ని వృథా చేస్తున్నందుకు రెండు చోట్ల క్షమాపణ కోరి, మూడో పేజీ ఆఖర్న వైర్‌లెస్ పనిచేయడం లేదు, తగు చర్య తీసుకోగలరు అని ముగించాను. సర్క్యులర్ మాస్టారు దాన్ని చదివి, ఇంగ్లీషులో రెండు కామాలు దిద్ది, చాలా బాగుందన్నారు.

మర్నాడు జవాబు వచ్చింది. ఒకే ఒక్క వాక్యం. లాగ్ పంపు, అంతే. అయ్యా లేదు, బాబూ లేదు, కింద పేరైనా పూర్తిగా లేదు. నాకు నిజంగా మనసు నొచ్చుకుంది. ఆ రోజు పాసింజర్లో రాజమండ్రి చేరేదాకా, అంత చదువుకున్నవాడికి ఆ మాత్రం మర్యాద తెలియదా అని లోలోపల రగిలిపోయాను. ఆయనకి ముక్తసరిగారు అని పేరు పెట్టాను (కోపంలో కూడా గారు మాత్రం వదల్లేదు). అయినా అవసరం నాది కాబట్టి, లాప్‌టాప్ లోపల జరిగిందంతా అదే రాసిపెట్టుకునే ఆ లాగ్ అనే చిట్టా పంపాను. ఈసారి రెండు వాక్యాలు వచ్చాయి. నీ లాప్‌టాప్ ముందున్న వైర్‌లెస్ స్విచ్చిని ఎవరో గంటలో వందలసార్లు వేసి తీస్తున్నారు, ఎవరది?

ఎవరూ లేరు. ఉంటే గింటే స్టూడెంట్లు అయ్యుండాలని అనుమానం వచ్చి, మాస్టారి చేత ఒక సర్క్యులర్ తీయించాం. దాని వల్ల కలిగిన ఫలితం ఏమిటంటే, అప్పటిదాకా అక్కడ స్విచ్చి ఉన్నట్టు తెలియని పిల్లలందరికీ తెలిసింది. చివరికి ఒక మధ్యాహ్నం మాస్టారి లాప్‌టాప్ అడిగి తెచ్చుకుని మా దాని పక్కన పెట్టాను. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. మాస్టారి దానికి గుంటలో చిన్న వెండి మీట తళతళలాడుతోంది. మా దానికి ఆ చోట పసుపు గడ్డకట్టి ఉంది. తడి పసుపు లోపలికి దిగి ఆరడంతో మీట అటు పూర్తిగా పోక, ఇటు పూర్తిగా రాక నడుమ వేలాడుతోంది. దాని పైభాగాన చెయ్యి ఆనించి టైపు చేసినప్పుడల్లా అది కదిలి, వైర్‌లెస్ ఆపు, వెయ్యి, ఆపు, వెయ్యి అని హుకుం జారీ చేస్తోంది. పళ్ళెం పట్టుకున్న నా చేతులే గుర్తొచ్చి కుర్చీలో కూలబడ్డాను.

వెళ్ళి మాస్టారికి చెప్పాను. ఆయన లేచి వెళ్ళి తలుపు మూసొచ్చి, "నువ్వు చూళ్ళేదు. నేను వినలేదు" అన్నారు. జీవితంలో కాగితం మీద పెట్టకుండా ఆయన ఇచ్చిన ఆజ్ఞ అదొక్కటే. కరస్పాండెంటుగారి దగ్గరికి వెళ్ళి మీ అమ్మగారి బొట్టు వల్ల పది లాప్‌టాప్‌లు చెడ్డాయండీ అని చెప్పగల మగాడు ఆ కాలేజీలో లేడు. పోనీ గుట్టుగా శుభ్రం చేద్దామని తడిగుడ్డతో ఒకదాన్ని తుడిచాను. బొట్టు తుడవడమనే పని మా ఇళ్ళల్లో ఎవరూ సరదాకి చెయ్యరు. శుక్రవారం మామ్మగారు రానే వచ్చారు, నేరుగా దాని ముందే ఆగారు.

"దీని బొట్టేదిరా?"

"చెమటకి పోయినట్టుందండి మామ్మగారండీ."

"ఏసీ గదిలో చెమటేంట్రా నాయనా" అని నన్ను ఎగాదిగా చూసి, దానికి మిగతావాటికన్నా రెండింతలు పసుపు పెట్టి వెళ్ళారు.

ఇక దాచి లాభం లేదనుకుని ముక్తసరిగారికి ఉన్నదున్నట్టు రాశాను. స్విచ్చిలో పసుపు ఉందన్నాను. తుడిచెయ్యి అన్నారు. తుడవకూడదండీ, అది ఆచారం, పైగా ప్రతి శుక్రవారం మళ్ళీ పెడతారు అన్నాను. రెండు రోజులు జవాబు లేదు. నన్ను పిచ్చివాణ్ణి అనుకుని వదిలేశారని, సామాను సర్దుకోవడమే తరువాయి అని అనుకున్నాను. మూడో రోజు రాశారు. స్విచ్చి ఎవరు ఎన్నిసార్లు కదిపినా డ్రైవర్ తట్టుకోవాలి, తట్టుకోలేదంటే తప్పు డ్రైవర్‌ది, పసుపుది కాదు, నువ్వే సరిచేసి పంపు, చూస్తాను. ఆ మాట చదివి నాకు కళ్ళు చెమర్చాయి. మామ్మగారి తరఫున వాదించడానికి మా జిల్లాలో ఎవరూ లేనప్పుడు, బొట్టంటే ఏమిటో తెలియని మనిషి వాదించాడు.

ఆ డ్రైవర్ ప్రోగ్రాము అచ్చేసుకుని, వారం రోజులు రాకపోకల్లో పాసింజర్లో కూర్చుని చదివాను. తప్పు దొరికింది. మా కాలవ లాకుల దగ్గర కాపలా మనిషి తలుపు దించుతుండగా ఇంకొకరొచ్చి ఎత్తమన్నారనుకోండి. వాడు అలాగేనండీ అంటాడు, దించడం పూర్తి చేస్తాడు, ఎత్తమన్న సంగతి మర్చిపోతాడు. పైన ఆఫీసులో మాత్రం తలుపు ఎత్తినట్టే రాసుకుంటారు. మా డ్రైవరూ అంతే. ఆపుతున్న నడుమలో వెయ్యమని వచ్చిన హుకుంకి తలూపి, మర్చిపోతోంది. పని అయ్యాక, నడుమలో ఎవరైనా ఏమైనా చెప్పారా అని మళ్ళీ ఒకసారి చూసుకోమని ఎనిమిది లైన్లు రాశాను.

ముక్తసరిగారు దాన్ని మూడుసార్లు తిప్పికొట్టారు. ఒకసారి లైన్ల ముందు ఖాళీ వాళ్ళ పద్ధతిలో వదల్లేదని. ఇంకోసారి ఎనిమిది లైన్ల ప్రోగ్రాముకి ఇరవై లైన్ల వివరణ ఎందుకని. మూడోసారి, ప్రోగ్రాము మొదట్లోనే గౌరవనీయులైన అయ్యా అని ఉంది, కంప్యూటరు దాన్ని తినలేకపోతోంది అని (అలవాటుగా పడిపోయింది, నేను చూసుకోలేదు).

నాలుగోది లాప్‌టాప్‌లో వేసుకుని శుక్రవారం కోసం ఎదురుచూశాను. ఇన్‌స్పెక్షన్ మరో నాలుగు రోజుల్లో ఉంది. మామ్మగారు రాగానే ఎదురెళ్ళి పళ్ళెం అందుకుని, "ఈసారి కాస్త దట్టంగా పెట్టండి మామ్మగారండీ" అన్నాను. ఇప్పటికి బుద్ధొచ్చిందన్నట్టు చూసి, గుంట పొంగేలా పెట్టారు. సాయంత్రం దాకా ఆ లాప్‌టాప్ ముందే కూర్చుని, ఎడాపెడా టైపు చేశాను. చిట్టాలో స్విచ్చి వందలసార్లు పడి లేచింది. పోయిన నెట్ కళ్ళు మూసి తెరిచేలోగా తిరిగొచ్చింది. ఉద్యోగం వచ్చిన రోజున కూడా నేను అంత సంతోషపడలేదు.

మిగతా తొమ్మిదింటిలోనూ అదే వేశాను, కమిటీ వచ్చిన రోజున పదీ పనిచేశాయి. అందులో ఒక పెద్దాయన గుంటలో ఏముందోనని వేలు పెట్టి గెలికి, వేలంతా పసుపు చేసుకుని, రుమాలు తీసి తుడుచుకున్నారు. మీట అంతలా కదిలినా నెట్ మాత్రం పోలేదు. నా వెనక సర్క్యులర్ మాస్టారు గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. నా కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తున్నట్టు మర్నాడు ఆయన దగ్గర్నుంచి కాగితం వచ్చింది, తేదీతో సహా.

ఆ ఎనిమిది లైన్లనీ అసలు లినక్సులో కలుపుతూ ముక్తసరిగారు ఒకటి అడిగారు. పరీక్షించింది ఎవరో పేరు రాయాలిట. నిజాయితీగా ఆలోచిస్తే పరీక్ష పెట్టింది నేను కాదు. మామ్మగారి పేరు రాసి పంపాను. అలా కలిపేశారు. వెళ్ళి ఆవిడకి చెప్పాను, మీ పేరు ప్రపంచంలో కంప్యూటర్లన్నిటిలోకీ వెళ్తోందండీ అని (కొంచెం పెంచే చెప్పాను).

"వెళ్తే వెళ్ళిందిలే గాని, పదకొండోది ఒకటుందిటగా? దానికి బొట్టు లేదుట. ముందు అది పట్రా" అన్నారు. మాస్టారే వెళ్ళి తెచ్చి ఇచ్చారు. బొట్టు పెడుతూ ఆవిడ, "ఇంత సాయం చేశాడు, ఆ అబ్బాయి భోంచేశాడో లేదో కనుక్కున్నావా?" అని అడిగారు. లేదన్నాను. కనుక్కోమన్నారు. అంత దూరాన ఉన్న మనిషిని, అందరూ చదివే ఆ ఉత్తరాల్లో, ఆ మాట ఎలా అడగను? కానీ మామ్మగారి మాట. మా మామ్మగారు మీరు భోజనం చేశారా అని అడుగుతున్నారు అని రాశాను. మర్నాడు జవాబు వచ్చింది. చేశాను. అంతే.

అప్పుడు ల్యాబ్‌లో అందరికీ చూపించి తెగ నవ్వాను, చూడండి ఎంత పిసినారో, ఆవిడ ఎలా ఉన్నారని ఒక్క ముక్క తిరిగి అడగలేదు అని. ఇన్నేళ్ళకి, నేనూ ఆయనలా డ్రైవర్లు చూసుకునే పని చేసి బతుకుతున్న మనిషినయ్యాక, ఎక్కడెక్కడివాళ్ళకో రోజూ ఉత్తరాలు రాస్తుంటే తెలుస్తోంది. ఆయన మొత్తం పని ఆపి, ఎందుకు అడిగారో తెలియని ప్రశ్నకి ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పారు. ఇప్పుడు నా ఉత్తరాలు ఆయనవాటికన్నా పొట్టివి. అయ్యా లేదు, బాబూ లేదు. ఆ లాప్‌టాప్‌లు పోయాయి, ఆ గుంటా మీటా ఇప్పటివాటికి లేనే లేవు, మామ్మగారు కూడా వెళ్ళిపోయారు. ఎప్పుడైనా, లాగ్ పంపు అని రాశాక, కింద భోంచేశారా అని టైపు చేసి, ఒకసారి చూసుకుని తుడిచేస్తుంటాను. మొన్న శుక్రవారం మాత్రం, ఎందుకో, తుడవబుద్ధి కాలేదు.