కుటుంబ పెద్దకు ఒక ఓటు

గురువారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే ఫోన్ వచ్చింది. అమెరికాలో మా నోవై ఊరి తెలుగు సంఘానికి నిబంధనలు రాసిన పెద్దాయన పోయారని వాళ్ళమ్మాయి చెప్పింది. అప్పటినుంచీ ఆయనతో వాదించుకుంటూనే ఉన్నాను, డ్రైవ్ చేస్తూ, గిన్నెలు కడుగుతూ. ఆయన ఉన్నప్పుడూ నేను చేసింది అదే.

ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు, ప్రాణం మాత్రం కోర్టు తీర్పుల మీద. సుప్రీంకోర్టు తీర్పు పేపర్లో వస్తే కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకుని, తలా ఒక వంట తెచ్చే సంఘం పాట్‌లక్‌కి వచ్చేవారు. మాటల్లో పడి పళ్ళెంలో అన్నం చల్లారిపోయేది. రాజ్యాంగంలోని మాటకి అది రాసిననాడు జనం ఏ అర్థం చెప్పుకున్నారో జడ్జీలు అదే పట్టుకోవాలని ఆయన పట్టు. కాలం మారితే అర్థం మారదా అని నేను. మారాలంటే జనం ఓటేసి మార్చుకోవాలి, మార్చడానికి జడ్జీ ఎవరు అనేవారు. మావారు మెల్లగా టీవీ దగ్గరికి జారుకునేవారు.

ఆదివారాలు సంఘం హాల్లో పిల్లలకి నేను తెలుగు చెప్పేదాన్ని. ఆ క్లాసు తీసేసి ఆ గంట వాలీబాల్‌కి ఇద్దామని ఓటింగ్ పెట్టారు. మావారు పనిమీద ఒహాయో వెళ్ళారు. అందుకని నేనే చెయ్యెత్తాను. నిబంధనల్లో ‘కుటుంబ పెద్దకు ఒక ఓటు’ అని ఉందని ఎవరో అడ్డుపడ్డారు. అధ్యక్షుడూ పెద్దాయనే, ఆ మాట రాసిందీ ఆయనే. మీ ఉద్దేశమేమిటో చెప్పండని అందరూ ఆయన్నే అడిగారు.

“నా ఉద్దేశంతో పనేముంది? ఆ రోజు ఒప్పుకున్నవాళ్ళంతా పెద్ద అంటే భర్తనే అనుకున్నారు. ఈ ఓటు చెల్లదు,” అన్నారు నా వైపు చూడకుండా.

నా ఓటు పడుంటే సమానమై క్లాసు నిలిచేది. పోయింది. పిల్లలకి ఏం చెప్పాలో తెలియలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చారు. కాఫీ ఇచ్చాను కానీ కూర్చోమనలేదు. నిజంగా మగవాళ్ళకే అని రాశారా అని అడిగేశాను.

“రాసేటప్పుడు మీ ఆడవాళ్ళ సంగతి నాకు తట్టనే లేదమ్మా. మా ఆవిడ పక్కగదిలోనే ఉంది, అయినా తట్టలేదు.” జేబులోంచి తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టారు. “సవరణ నువ్వు రాయి. నేను రాస్తే మళ్ళీ ఎవర్నో మర్చిపోతాను.”

రాశాను. ఆ కాగితం పట్టుకుని ఆయన ఇంటింటికీ తిరిగారు. ఓటున్న మగవాళ్ళని ఒప్పించేదాకా సోఫాలోంచి లేచేవారు కాదట. ఆడా మగా, పెద్దవాళ్ళందరికీ ఓటు వచ్చింది. ఆ మేలు మర్చిపోలేను. ఆ తీర్పు కూడా మర్చిపోలేను, అదే నా బాధ.

డిసెంబరులో సంఘం అధ్యక్షుడి ఎన్నిక. ఆయన మళ్ళీ నిలబడ్డారు. ఎదుటి మనిషి తెలుగు క్లాసు తిరిగి పెడతానన్నాడు. నా మొదటి ఓటు అతనికే వేశాను. ఆయన రెండు ఓట్ల తేడాతో ఓడిపోయారు.

బయటికొచ్చేసరికి కార్లన్నిటి మీదా మంచు గడ్డకట్టి ఉంది. నన్ను లోపల కూర్చోమని, ఆయనే నా కారు అద్దం గీకడం మొదలుపెట్టారు. ఎవరికి వేశావని అడగలేదు. హీటర్ ముందు చేతులు పెట్టుకుని, దిగి చెబుదామా అనుకుంటూ కూర్చున్నాను. వెనక అద్దం కూడా శుభ్రం చేసి, చెయ్యూపి, తన కారు దగ్గరికి నడిచి వెళ్ళారు. దాని మీద మంచు అలాగే ఉంది.