నాయినమ్మ సెన్సారు

మా వీధిలో పిల్లలు ఏ సినిమా చూడొచ్చో, ఏది చూడకూడదో మా నాయినమ్మ తేల్చేది. ఆ పని ఆమెకు ఎవరూ ఊరికే అప్పగించలేదు. ఒక పొరపాటు వల్ల చేతికొచ్చింది.

వరంగల్‌లో మేముండే చోట అన్నీ నేత ఇళ్లే. మగవాళ్లు మగ్గం గుంటలో కూర్చుని, నేల మీద పరుచుకునే షత్రంజీలు నేసేవాళ్లు. ఆడవాళ్లు ఇళ్ల ముందు రాట్నాలు పెట్టుకుని నూలు కండెలు చుట్టేవాళ్లు. ఊళ్లోకి కొత్త సినిమా వస్తే రిక్షాకు రెండు పక్కలా పోస్టర్లు కట్టుకుని, మైకులో గొంతు చించుకుంటూ ఒకాయన వీధి వీధీ తిరిగేవాడు. ఆ రిక్షా మలుపు తిరిగిందో లేదో ప్రతి ఇంట్లో పిల్లల గొడవ మొదలయ్యేది.

ఒకసారి పక్కింటివాళ్లు పోస్టర్ మీద దేవుడి బొమ్మ చూసి, భక్తి సినిమా అనుకుని పిల్లలందరినీ తోలుకుపోయారు. దేవుడు మొదట్లో ఒక పాటలో కనిపించి వెళ్లిపోయాడట. మిగతాదంతా కత్తులూ కేకలూ. ఆ ఇంటి చిన్నపిల్ల ఆ తర్వాత చాలా రోజులు పెరట్లోకి ఒంటరిగా అడుగుపెట్టలేదు. వాళ్లమ్మ మా ఇంటికొచ్చి నాయినమ్మ ముందు కూర్చుంది.

"పెద్దమ్మా, నీకు సినిమాలంటే పానం కదా. ఇగ నువ్వే ముందుగాల చూసిరా. నువ్వు పోవచ్చంటేనే మా పోరగాండ్లను పంపుత."

నాయినమ్మకు ఇంకేం కావాలి! తాత బతికున్నన్నాళ్లూ ఆమె టాకీసు గడప తొక్కలేదు. తాతకు సినిమా అంటే గిట్టేది కాదు. ఆయన పోయాక ఎవరో చుట్టాలు బలవంతంగా ఒక సినిమాకు తీసుకెళ్తే, ఇన్నేళ్లూ ఏం పోగొట్టుకుందో ఆమెకు అప్పుడు తెలిసింది. అప్పటినుంచి వీలు చిక్కితే చాలు, మ్యాట్నీ. ఇప్పుడు అది వీధి కోసం చేసే పని కూడా అయింది కాబట్టి మా అమ్మ కూడా ఏమీ అనలేకపోయింది.

సినిమా చూసొచ్చాక నాయినమ్మ వెంటనే నోరు విప్పేది కాదు. కాళ్లు కడుక్కుని, చల్లటి నీళ్లు తాగి, రాట్నం ముందు కుదురుగా కూర్చునేది. చుట్టుపక్కల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరేవాళ్లు. "ఏంది పెద్దమ్మా, ఎట్లున్నది?" అని ఎవరో ఒకరు అడిగాక తీర్పు వచ్చేది. "అందరు పోవచ్చు" అంటే మాకు పండుగ. "చిన్నోళ్లు వద్దు, పెద్ద పోరగాండ్లు పోవచ్చు" అంటే సగం ఇళ్లలో ఏడుపులు. "ఎవ్వరొద్దు" అన్న సినిమాకు మాత్రం ఆమె తరచుగా రెండోసారి వెళ్లేది. "సరిగ చూసిన్నో లేదో, ఇంకోసారి చూసి బరాబర్ చెప్త" అనేది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు.

ఆమె కొలతలు వేరు. హీరో హీరోయిన్లు వానలో తడుస్తూ పాడుకుంటే ఆమెకు అభ్యంతరం లేదు. "తడిస్తే సర్ది అయితది, గంతే కదా" అనేది. దయ్యాల సినిమాలకూ ఒప్పుకునేది. "అంత రంగు పూసుకున్నోళ్లేనని చెప్పి పంపుండ్రి" అనేది. కానీ తాగొచ్చి పెళ్లాన్ని కొట్టడం చూపించి జనాన్ని నవ్వించే సినిమా అంటే ఆమెకు మండిపోయేది.

అదే విషయం మీద మా నాయినకూ ఆమెకూ ఒకసారి గట్టి గొడవ అయింది. నాయినకు నచ్చిన హీరో సినిమా వచ్చింది. మమ్మల్నందరినీ ఆదివారం తీసుకెళ్తానని మాటిచ్చాడు. నాయినమ్మ శుక్రవారమే చూసొచ్చి "ఎవ్వరొద్దు" అంది.

"ఏందవ్వా గది? సర్కారోళ్లే అందరు చూడొచ్చని 'యూ' ఇచ్చిండ్రు. పోస్టర్ మీదనే ఉన్నది" అన్నాడు నాయిన మగ్గం గుంటలోంచే.

"హీరో ఆ పిల్లను చెంప మీద ఈడ్సి కొట్టిండు. టాకీసంత సీటీలు కొట్టిండ్రు. గా పిల్ల ఏం చేసిందో తెలుసా? ఏడ్సుకుంట పోయి గానికే దండేసింది. నా మనుమరాలు గది చూసి నేర్సుకోవాల్నా?"

"సినిమా చూసి ఎవరన్న నేర్సుకుంటరా అవ్వా?"

"మరి నువ్వు జుట్టు అట్ల దువ్వుడు ఎక్కడ నేర్సుకున్నవ్?"

నాయిన చెయ్యి తనకు తెలియకుండానే తలమీదికి పోయింది. అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. ఆ ఆదివారం నాయిన అలిగి ఒక్కడే సినిమాకు వెళ్లొచ్చాడు. ఎట్లుందని అమ్మ అడిగితే, "పాటలు మంచిగున్నయ్" అని మాత్రం అన్నాడు. మమ్మల్ని తీసుకెళ్లే మాట మళ్లీ ఎత్తలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పెద్ద 'ఏ' అక్షరం ఉన్న పోస్టర్ ఒకటి మా బడికి వెళ్లే దారిలో అంటించారు. పెద్దవాళ్లకు మాత్రమే అని దాని అర్థం. మా మాస్టర్లు ఆ గోడవైపు చూడకుండా నడిచేవాళ్లు, మగపిల్లలు దాని ముందు చెప్పులు సరిచేసుకునేవాళ్లు. ఆ సినిమా సంగతి నాయినమ్మను అడగడానికి కూడా వీధిలో ఎవరికీ ధైర్యం చాలలేదు. ఎవరూ అడక్కుండానే ఆమె వెళ్లింది.

తిరిగొచ్చాక చాలాసేపు రాట్నం ముట్టుకోలేదు. ఒక చిన్న ఊరి పిల్లకు పట్నంలో నౌకరీ ఇప్పిస్తానని ఒకడు నమ్మకంగా చెప్పి, ఇంట్లో చెప్పకుండా తీసుకుపోయి మోసం చేసే కథట అది.

"ఇది మన పోరిలు చూడాలె" అంది చివరికి.

అమ్మ చేతిలోని కండె కింద పడింది. "అత్తమ్మా, అది పెద్దోళ్ల సినిమానట!"

"మోసం చేసేటోడు పిల్లలనే కదనే చేస్తాండు. పెద్దోళ్లు చూసి ఏం చేస్తరు?"

వీధిలో మిగతా తల్లులు ఒప్పుకోలేదు. నన్నూ, పక్కింటి పెద్దమ్మాయినీ మాత్రం ఆమె బయల్దేరదీసింది. పక్కింటి అమ్మాయి నాకన్నా రెండేళ్లు పెద్ద. పదో తరగతి అయిపోయి టైపు నేర్చుకుంటోంది. ఆమె కూడా మాలాగే నాయినమ్మా అని పిలిచేది. వాళ్లమ్మ, కత్తుల సినిమా తర్వాత నాయినమ్మ మాట మీద ఎంత గురి కుదిరిందో గానీ, కాసేపు నసిగి సరేనంది.

టాకీసు గేటు దగ్గర టికెట్లు చింపే అతను మమ్మల్ని ఆపేశాడు.

"అవ్వా, నువ్వు పో. ఈ పోరిలను పోనియ్యరు."

"పెద్దదాన్ని నేనున్న కదా ఎంబడి."

"నువ్వున్నా పోనియ్యరు."

మాటా మాటా పెరిగి, లైన్లో నిల్చున్న మగవాళ్లు మావైపు తిరిగి చూడసాగారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పక్కింటి అమ్మాయి పైట తలమీదికి లాక్కుంది. ఇంతలో మేనేజర్ వచ్చాడు. తెల్ల చొక్కా, సన్నటి మీసం, నెమ్మదైన మనిషి.

"సర్కారు రూలమ్మా. నేను రాసింది కాదు" అన్నాడు.

"సర్కారుకు నా మనుమరాలు తెలుసా? ఎప్పుడన్న చూసిందా?"

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "తెలువదు కాబట్టే రూలు పెట్టింది. అందరి ఎంబడి నీలాంటి అవ్వ రాదు కదా. ఇయ్యాల నీ పోరిలను పంపితే, రేపు ఒక్కతే వచ్చిన పిల్లను ఏమని ఆపాలె నేను?"

నాయినమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఆమె వాదనలో ఓడిపోవడం నేను చూడటం అదే మొదలు. "నువ్వు చెప్పింది కూడ మంచిగనే ఉన్నది కొడుకా" అని మా ఇద్దరి చేతులూ పట్టుకుని వెనక్కి తిప్పింది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. దారిలో మాకు ఐస్‌ఫ్రూట్ కొనిచ్చి, "ఫికర్ చెయ్యకుండ్రి, నేను చూసిన కదా, నేనే చెప్త" అంది.

అన్నట్టే చెప్పింది. మరునాడు మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక, మగ్గం పక్కన మమ్మల్ని కూర్చోబెట్టుకుని సినిమా మొత్తం ఆడి చూపించింది. పిల్ల గొంతు ఆమెదే, మోసగాడి గొంతూ ఆమెదే. వాడి మాటలు ఎంత తియ్యగా చెప్పిందంటే నాక్కూడా వాడు మంచివాడేనేమో అనిపించింది. అసలు ఘట్టం వచ్చేసరికి ఆగింది.

"గప్పుడు తెర మీద చీకటి చేసిండ్రు. ఏమైందో మీకు ఎరుకైందా? ఎరుక గాకుంటే అడుగుండ్రి. నన్ను గాక ఇంకెవరిని అడుగుతరు?"

నేను తల వంచుకుని ఒకటి అడిగాను. ఆమె తడుముకోకుండా, బీరకాయ ఎట్లా వండాలో చెప్పినంత మామూలుగా జవాబు చెప్పింది. అప్పటిదాకా టకటకలాడుతున్న మగ్గం ఆగిపోయింది. నాయిన గుంటలోంచి లేచి, గొంతు సవరించుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయాడు. అక్కడ అమ్మతో అంటున్న మాటలు మాకు వినిపించాయి.

"గా ముచ్చట్లు గట్ల చెప్పొచ్చునా పోరిలకు?"

"మరి నువ్వు చెప్తవా? నాకైతే నోరు రాదు" అంది అమ్మ.

కాసేపటికి మగ్గం మళ్లీ టకటకలాడింది.

రెండు మూడు రోజుల తర్వాత పక్కింటి అమ్మాయి వచ్చి నాయినమ్మ పక్కన కూర్చుని, చుట్టిన కండెనే మళ్లీ విప్పుతూ చాలాసేపు గడిపింది. చివరికి బయటపడింది. టైపు నేర్చుకునే చోటికి వచ్చే ఒకాయన, హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసులో నౌకరీ ఉందనీ, పోటీ ఎక్కువ కాబట్టి ఎవరికీ చెప్పకుండా వస్తే ఇప్పిస్తాననీ అన్నాడట. వచ్చే వారం బయల్దేరాలట.

నాయినమ్మ అరుస్తుందని నేను అనుకున్నాను. ఆమె రాట్నం ఆపకుండానే అంది. "మంచి నౌకరే కావచ్చు బిడ్డా. మంచిగనే అనుకుందాం. రేపు మా ఇంటికి రమ్మను. చాయ్ తాగుకుంట మాట్లాడుదాం. మీ నాయిన ఉంటడు, నా కొడుకుంటడు. ఆఫీసేందో, ఎక్కడున్నదో చెప్తే మేమే తోలుకపోతం."

ఆ అమ్మాయి అతనికి అదే మాట చెప్పింది. తప్పకుండా వస్తానన్నాడట. మరునాడు అమ్మ కొత్త కప్పులు తీసి కడిగింది. నాయిన ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పొద్దు గూకేదాకా చూశాం. అతను రాలేదు. ఆ రోజే కాదు, టైపు నేర్పే చోటికి కూడా మళ్లీ ఎప్పుడూ రాలేదు. చాయ్ మేమే తాగేశాం.

అమ్మాయి ఏడుస్తుంటే నాయినమ్మ ఆమెను వాళ్లింటికి తీసుకెళ్లి, తల్లికి తన నోటితోనే చెప్పమంది. చెబుతున్నంతసేపూ తల్లీ కూతుళ్ల మధ్య తాను కూర్చుంది. తల్లి చెయ్యి లేవగానే పట్టుకుంది. "కొట్టినవనుకో, ఇంకోసారి నీకేం చెప్పది. ఇయ్యాల చెప్పింది, గదే సంతోషపడు." ఆ తల్లి చెయ్యి దించి, కూతుర్ని పట్టుకుని తానే ఏడ్చింది. అమ్మాయి టైపు పూర్తిచేసి, తర్వాత హనుమకొండలో ఒక ఆఫీసులో చేరింది. పొద్దున్నే టిఫిన్ డబ్బాతో బస్సెక్కడానికి పోతూ మా ఇంటి ముందు ఆగి నాయినమ్మకు చెప్పి వెళ్లేది.

నేను డిగ్రీ చదివే రోజులకు నాయినమ్మ చూపు మందగించింది. సినిమాలు తగ్గించేసింది. అప్పటికి ఇళ్లలోకి టీవీలొచ్చాయి, వీడియో క్యాసెట్లొచ్చాయి. ఏ ఇంట్లో ఏం చూస్తున్నారో ముందుగా చూసిరావడం ఎవరి తరమూ కాదు. ఆ మధ్యనే హనుమకొండలో ఒక దుకాణంలో వీడియో గేమ్ మిషన్ పెట్టారు. నిలువెత్తు పెట్టె, దానికో తెర, ఒక కర్ర, రెండు మీటలు. బిళ్ల వేస్తే తెర మీద విమానాలు వచ్చేవి, వాటిని కాల్చాలి. మా తమ్ముడు బడి నుంచి ఇంటికి రావడం మానేసి అక్కడే ఉండసాగాడు.

అమ్మ పరేషాన్ అయింది. "అత్తమ్మా, ఆడ కాల్చుడే పనట. పోనియ్యాల్నా వద్దా?"

"చూడకుంట ఎట్ల చెప్త?" అని నాయినమ్మ నన్ను తోడు తీసుకుని తమ్ముడితో బస్సెక్కింది.

దుకాణంవాడు మర్యాదగా ఆమెకు స్టూలు వేశాడు. తమ్ముడు సిగ్గుతో చచ్చిపోతూ ఆట మొదలుపెట్టాడు. చుట్టూ వాడి దోస్తులు కిసకిసలు. కొంతసేపటికి వాడు మమ్మల్ని మరిచిపోయాడు. నాయినమ్మ స్టూలు జరుపుకుని పెట్టె పక్కకు, తెర కనిపించని వైపుకు వెళ్లి కూర్చుంది. నేను వారించబోతే ఊరుకోమంది. కొంతసేపయ్యాక లేచి వాడి భుజం మీద చెయ్యి వేసి, "ఇగ చాలు, నడువు" అంది. వాడు గింజుకున్నాడు గానీ వచ్చాడు.

ఇంటికి రాగానే అమ్మ ఎదురొచ్చింది. "ఎట్లున్నది?"

"నాకు తెర ఏడ కనవడ్డది? పోరని మొకం చూసిన" అంది నాయినమ్మ. "మొదలు మంచిగ నవ్వుకుంటాండు. ఓడిపోయినా నవ్విండు. జరసేపటికి మొకం మారింది. పక్కపొంటి దోస్తు పిలిస్తే ఇనవడలే, పండ్లు కొరుకుతాండు. గప్పుడు లేపుకొచ్చిన. పోనియ్యి, కానీ ఒక్కణ్ణి పంపకు. మొకం చూసేటోళ్లు ఒకలు ఉండాలె."

"నాకు గయన్ని ఏం తెలుస్తయి అత్తమ్మా?"

"నీ కొడుకు మొకం నీకు తెలువదా?"

తరువాతి ఆదివారం అమ్మ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లింది. చీకటి పడకముందే తిరిగొచ్చారు. తమ్ముడు చెప్పులు విడుస్తూనే నాయినమ్మ దగ్గరికి పరుగెత్తి ఫిర్యాదు చేశాడు. మిషన్ దగ్గర అమ్మ వాణ్ణి ఒక్క ఆట కూడా సరిగా ఆడనివ్వలేదట. తానూ ఒకసారి ఆడి చూస్తానని కర్ర పట్టుకుని, మళ్లీ వదల్లేదట.