కింది ఊచకు మైనస్

ఇంట్లో ఆ పిల్లను ‘బాణాలు’ అని పిలిచేవారు. బడి ఆఖరి ఏళ్లలో పెద్ద లెక్కలు, వాటితోపాటు మెకానిక్స్ తీసుకున్నప్పటినుంచీ ఆమెకు వస్తువులు మామూలు వస్తువుల్లా కనబడడం మానేశాయి. గోడకు వాల్చిన నిచ్చెనను చూస్తే చాలు, నేల పైకి నెట్టే బలం, గోడ పక్కకు నెట్టే బలం, కాళ్లు జారకుండా పట్టుకున్న రాపిడి కళ్లకు కట్టేవి. వాటికి బాణాలు గీయందే చెయ్యి ఊరుకునేది కాదు. ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో, అమ్మ కుట్టుమిషను బల్ల మీద సుద్దతో గీసేది.

“బట్ట మీద గీశావంటే ఆ బాణం నీ వీపున దిగుతుంది,” అనేది దర్జీ పని చేసే అమ్మ.

నాయనమ్మకు ఇంకో బెంగ. “ఉలకదు, పలకదు. ఇంతసేపు కదలకుండా ఏం చేస్తున్నావే?”

“కదలకుండా ఉన్నదంటే అన్నివైపులా సమానంగా లాగుతున్నట్టు, నాయనమ్మా.”

“నన్ను మాత్రం మోకాళ్లు ఒకవైపే లాగుతున్నాయి. కాసిని నీళ్లు తెచ్చిపెట్టు.”

ఆమెకు ఆ లెక్కలంటే ప్రాణం. కానీ లెక్క కట్టడంలో నత్తతో పందెం వేసినా ఓడిపోయేది. బడిలో నియమం ఒకటుంది: అర్ధసంవత్సరం పరీక్షలో గట్టెక్కనివాళ్లను మామూలు లెక్కల తరగతికి పంపేస్తారు. అంతకుముందు పెట్టిన చిన్న పరీక్షలో ఆమె బొక్కబోర్లా పడింది. ఇక మిగిలింది ఇదొక్కటే.

ఆ పరీక్షలో ఆఖరి ప్రశ్న ఒక దుకాణం బోర్డు మీద వచ్చింది. గోడనుంచి రెండు ఇనుప ఊచలు వచ్చి ఒకచోట కలుస్తాయి. పైది అడ్డంగా ఉంటుంది, కిందిది ఏటవాలుగా పైకి లేస్తుంది. కలిసినచోట బోర్డు వేలాడుతోంది. ఏ ఊచలో ఎంత బలం? ఆమె అలవాటు ప్రకారం రెండూ బోర్డును గోడవైపు లాగుతున్నట్టు బాణాలు గీసి లెక్క కట్టింది. పై ఊచకు సక్రమంగానే వచ్చింది. కింది ఊచకు ముందు మైనస్ తగిలింది. మళ్లీ కట్టినా మైనసే. మూడోసారి మొదలుపెట్టింది. అంతలో గంట కొట్టేశారు.

బయటికి రాగానే ‘పొడుగు’ అని అందరూ పిలిచే తోటి విద్యార్థి ఎదురొచ్చాడు.

“ఆఖరిది ఎంతొచ్చింది?”

“మైనస్.”

“అయిపోయావ్! లాగే బలానికి, అదే టెన్షన్‌కు, మైనస్ ఉంటుందా ఎక్కడైనా? తాళ్ల పాఠంలో మేడం నెత్తీనోరూ కొట్టుకుని చెప్పలా, మైనస్ వస్తే లెక్క చెల్లదని?”

నిజమే, చెప్పారు. ఆ రాత్రి అన్నం సహించలేదు. సంగతి విని అమ్మ, “పోనీలేవే, తలకు మించిన బరువు ఎందుకు? మామూలు లెక్కలు చదివినవాళ్లు బతకడం లేదా?” అంది. ఓదార్పు మాటే. కానీ రేపటినుంచి నిచ్చెన వట్టి నిచ్చెనే అయిపోతుందన్నట్టు ఆ పిల్లకు ఏడుపొచ్చింది.

తెల్లారాక ఒక నిర్ణయానికి వచ్చింది. పొమ్మనిపించుకోవడం కన్నా తానే వెళ్లి చెబితే కాస్త మర్యాదగా ఉంటుంది. మధ్యాహ్నం విరామంలో లెక్కల మేడం దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆవిడ ఒకచేత్తో జవాబుపత్రాలు తిరగేస్తూ ఇంకోచేత్తో టిఫిన్‌డబ్బా మూత తీస్తోంది.

“మామూలు లెక్కల్లోకి వెళ్లిపోతాను మేడం.”

“ఎవరు పొమ్మన్నారు?”

“కింది ఊచకు మైనస్ వచ్చింది.”

మేడం డబ్బా పక్కన పెట్టి, మూలనున్న గొడుగు అందుకుని ఒక కొన తన అరచేతికి ఆనించుకుంది. “నెట్టు.” నెడితే మేడం చెయ్యి వెనక్కి వెళ్లింది. తర్వాత చేతిసంచి తాడు విప్పి ఒక కొన ఇచ్చింది. “ఇప్పుడు దీంతో నెట్టు.” తాడు చచ్చిన పాములా ముడుచుకుపోయింది.

“తాడు నెట్టలేదు, అందుకే దానికి మైనస్ చెల్లదు. మరి ఊచకు వస్తే?”

పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. “నేను లాగుతోందని గీశాను… అది నెడుతోందన్నమాట!”

“మరి బోర్డు ఎవరి పుణ్యాన నిలబడిందనుకున్నావ్? మీవాళ్లలో సగంమంది మైనస్‌ను చూసి జడుసుకుని కొట్టేశారు. ఆ పొడుగాయనైతే ప్లస్ పెట్టి కింద రెండు గీతలు కూడా కొట్టాడు. నువ్వెందుకు కొట్టెయ్యలేదు?”

గొప్పగా ఏదైనా చెప్పొచ్చు. కానీ ఆమెకు అబద్ధం చేతకాదు. “కొట్టేద్దామనే అనుకున్నాను మేడం. తప్పెక్కడో దొరకలేదు. వెతుకుతుంటే గంట కొట్టేశారు.”

మేడం పగలబడి నవ్వింది. “‘ఇది నెడుతోంది’ అని ఒక్క ముక్క రాయనందుకు మార్కులు కోశాను. అయినా బొటాబొటీగా గట్టెక్కావు. పో, నన్ను అన్నం తిననీ.”

మెట్లు రెండేసి చొప్పున దిగింది. నిన్నటినుంచి ఎక్కడ దాక్కుందోగానీ, ఆకలి ఒక్కసారిగా మీద పడింది.

ఇంటికెళ్లి చెప్పగానే మిషను తొక్కుతున్న అమ్మ పాదం ఆగింది.

“ఉంటున్నావా?”

“ఉంటున్నానమ్మా.”

“అమ్మయ్య! పోనీలే అన్నానేగానీ, రాత్రి నాకూ ముద్ద దిగలేదే,” అంటూ అమ్మ లేచి ఇద్దరికీ కంచాలు పెట్టింది.